చదవకూడని అర్జీలు

గెడ్డపాలెం జిల్లాగా ఏర్పడి నాలుగేళ్ళయినా దానికి చెప్పుకోదగ్గ ఘనత ఒక్కటీ లేదు. పక్క జిల్లాకి ఓడరేవు ఉంది, ఆ పై జిల్లాకి జలపాతం ఉంది. గెడ్డపాలేనికి ఉన్నవల్లా అర్జీలు. ప్రతి సోమవారం కలెక్టరేటుకి వచ్చిపడే అర్జీలు రికార్డు గదిలో నేల నుంచి కిటికీ దాకా పేరుకున్నాయి. కిటికీ మూసేశాక ఆ పైన కూడా పేరుకున్నాయి. ఒకరోజు సమీక్షా సమావేశంలో ఎవరికో మెరుపులా తట్టింది. ఈ అర్జీలన్నీ కృత్రిమ మేధకి చదివించాలి. అది వాటిని చదివి, నేర్చుకుని, ఇకమీదట వచ్చే అర్జీలకి తానే జవాబులిస్తుంది. అధికారులకి చదివే శ్రమ తప్పుతుంది. ఆ శ్రమ ఇప్పటిదాకా ఎవరూ పడలేదన్న సంగతిని సమావేశంలో ఎవరూ లేవనెత్తలేదు. యంత్రానికి ‘అర్జీమిత్ర’ అని పేరు పెట్టి, టీ తాగి లేచారు.

మర్నాడు ప్రకటన వెలువడింది. రెండు పేజీల నిండా యంత్రం గొప్పతనం ఉంది. చివర చిన్న అక్షరాల్లో ఒక వాక్యం ఉంది: తమ అర్జీలను యంత్రశిక్షణకు వినియోగించుట ఇష్టము లేనివారు ముప్పది దినములలోగా మినహాయింపుల విభాగమును సంప్రదించవలెను. ఆ కాగితాన్ని అటెండరు తెచ్చి, కలెక్టరేటు ప్రహరీ పక్కనున్న సైకిల్ స్టాండు గోడకి, సరిగ్గా పైడిలక్ష్మి తల మీదుగా అంటించిపోయాడు.

పైడిలక్ష్మి ఆ సైకిల్ స్టాండు రేకుల కింద, కలెక్టరేటు ఇంకా ఆర్డీవో ఆఫీసుగా ఉన్నప్పటి నుంచీ, ఇరవై మూడేళ్ళుగా అర్జీలు రాస్తోంది. ఒక బల్ల, రెండు స్టూళ్ళు, నాలుగు పెన్నులు. రాయడం వచ్చినవాళ్ళు కూడా ఆమె దగ్గరే రాయించుకుంటారు, ఎందుకంటే ఏ బాధని ఏ మాటల్లో చెబితే ఆఫీసులో చెల్లుతుందో ఆమెకి తెలుసు. అయితే అర్జీ రాయాలంటే కారణం కావాలి. కారణం అడిగితే జనం ఇంట్లో చెప్పుకోనిది కూడా ఆమెకి చెప్పేస్తారు. ఏ మొగుడు కొడుతున్నాడో, ఏ కోడలికి మూర్ఛ వస్తుందో, ఏ పెద్దమనిషి అన్న పొలం రాయించుకున్నాడో అన్నీ ఆమె అక్షరాల్లో ఆ రికార్డు గదిలో ఉన్నాయి. బయటికి ఒక్కటీ రాలేదు. ఒకటి, పైడిలక్ష్మి చెప్పదు. రెండు, ఆఫీసులో చదవరు.

ఇప్పుడు చదివేది ఒకటి వస్తోంది.

ప్రకటన సారాంశం ఆమె నోట మొదట విన్నది నూకాలమ్మ. గేటు దగ్గర టిఫిన్ బండి పెట్టుకుని ఇడ్లీలమ్మే మనిషి. ఎనిమిదేళ్ళ క్రితం ఆమె వేరే రేషన్ కార్డు కోసం అర్జీ పెట్టుకుంది. మొగుడు బరంపురంలో ఇంకొక సంసారం పెట్టాడనీ, ఇక రాడనీ అందులో ఉంది. ఊళ్ళో మాత్రం అతను పారాదీప్ ఓడరేవులో పనిచేస్తున్నట్టే లెక్క. నూకాలమ్మ అతన్ని మొదట కూలీగా చేర్పించింది, తర్వాత క్రేను ఎక్కించింది, ఈ మధ్యనే సూపర్వైజరుని చేసింది.

“నాది కూడా తినేస్తాదేటి ఆ మిషను?” అని అడిగింది.

“అన్నీ కలిపి తింటాది. ఎవరిదీ వదల్దు.”

“తిన్నాక ఏటి చేస్తాది?”

“మాట్లాడతాది” అంది పైడిలక్ష్మి.

నూకాలమ్మ చేతిలో చట్నీ గరిట ఆగిపోయింది. ఆ మొహం చూశాక పైడిలక్ష్మి పెన్నుకి మూత పెట్టి, బల్ల మీద ఇటుకరాయి పెట్టి, ఇరవై మూడేళ్ళలో మొదటిసారి తన సొంత పని మీద కలెక్టరేటులోకి నడిచింది.

మినహాయింపుల విభాగం ఒకప్పటి జనరేటరు గది. లోపల ప్రత్యేకాధికారి పరాంకుశం గారు, ఆయన ఎదురుగా కంప్యూటరు ముందు జుబేదా అనే జూనియర్ అసిస్టెంటు. పరాంకుశం గారు నున్నటి బట్టతల, కత్తిరించిన మీసం ఉన్న మనిషి. వేరే జిల్లా నుంచి ఈ పనికోసమే వచ్చాడు. ఆయన్ని ఎక్కడో చూసినట్టు పైడిలక్ష్మికి అనిపించింది. కానీ ఆమెకి సగం జిల్లాని చూస్తే అలాగే అనిపిస్తుంది.

తాను రాసిన అర్జీలని యంత్రానికి ఇవ్వొద్దని చెప్పడానికి వచ్చానంది. పరాంకుశం గారు చాలా సంతోషించాడు. పౌరుల గోప్యత ప్రభుత్వానికి ప్రాణసమానమని చెప్పి, పదకొండు పేజీల ఫారం చేతిలో పెట్టాడు. పూర్తి పేరు, ఇంట్లో పిలిచే పేరు, వెనకాల పిలిచే పేరు రాయాలి. ఎదురుగా, ఇరుపక్కల నుంచీ తీయించుకున్న ఫొటోలతో పాటు నవ్వుతున్న ఫొటో ఒకటి జతచెయ్యాలి. మామూలుగా ఉన్నప్పటి చేతిరాత, కోపంలో ఉన్నప్పటి చేతిరాత నమూనాలివ్వాలి. గొంతు ఇక్కడే రికార్డు చేస్తారు. తొమ్మిదో పేజీ మొత్తానికీ ఒకటే ప్రశ్న: మీరు గోప్యముగా ఉంచదలచిన విషయములు ఏవి? స్థలము చాలనిచో అదనపు పత్రములు జతపరచవలెను.

“చెప్పకూడదనే కదా బాబూ వచ్చాను. ఇవన్నీ చెప్పెయ్యమంటారేటి?”

పరాంకుశం గారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. “చూడమ్మా, వాడకూడని సమాచారము ఏదో యంత్రమునకు తెలియనిచో అది పొరపాటున వాడు ప్రమాదము కలదు. కావున మీ గోప్యత యొక్క సంపూర్ణ స్వరూపమును ముందుగా మేము సేకరించి, దానిని వాడకూడదని యంత్రమునకు క్షుణ్ణముగా నేర్పెదము.”

పైడిలక్ష్మి ఆ మాటని మనసులో రెండుసార్లు చదువుకుంది. వ్యాకరణంలో తప్పేమీ కనిపించలేదు. తొమ్మిదో పేజీలో ‘చెప్పను’ అని రాసి ఇచ్చింది. మూడోరోజుకి ఫారం తిరిగి వచ్చింది. రహస్యము ఖాళీగా ఉన్నది, ఖాళీని పరిరక్షించు నిబంధన లేదు అని ఎర్రసిరాతో రాశారు. ఆమె మళ్ళీ వెళ్ళి, తాను రాసిన అర్జీలన్నీ రహస్యమేనని రాసింది. అది చెల్లింది. చెల్లడమే పొరపాటయింది. ఎందుకంటే దానితో ఆమె దగ్గర రాయించుకున్న వాళ్ళందరూ సహ దరఖాస్తుదారులైపోయారు. వాళ్ళందరికీ ఫారాలు వెళ్ళాయి.

వారం తిరిగేసరికి కలెక్టరేటు గేటుకి పెద్ద ఫ్లెక్సీ వెలిసింది. పైన కలెక్టరు గారి ఫొటో, పక్కన పావురాలు. కింద అరవైనాలుగు మంది పౌరుల ఫొటోలు, పేర్లు, ఊళ్ళు. ‘ఈ క్రింది వారి వివరములు అత్యంత గోప్యముగా ఉంచబడును’ అని బంగారు రంగు అక్షరాలు. మూడో వరసలో నూకాలమ్మ నవ్వుతోంది. నవ్వుతున్న ఫొటో ఆమెదొక్కటే అడిగి మరీ వేశారట, బాగా వచ్చిందని.

ఆ రోజు నుంచి నూకాలమ్మ బండి దగ్గర ఇడ్లీ తినేవాళ్ళు పెరిగారు. తిని వెళ్ళకుండా నిలబడేవాళ్ళూ పెరిగారు. ఏమిటి దాస్తున్నావని ఎవరూ సూటిగా అడగలేదు. పారాదీప్‌లో వానలెలా ఉన్నాయని అడిగారు. సూపర్వైజరు గారు ఈసారైనా సెలవు పెడతారా అని అడిగారు. నూకాలమ్మ అన్నిటికీ జవాబు చెప్పింది. మధ్యాహ్నం బండి కట్టేశాక వచ్చి పైడిలక్ష్మి స్టూలు మీద కూర్చుంది.

“తప్పు నాదే నూకాలూ. నాను కదపకపోతే ఎవరికీ తెలిసేది కాదు” అంది పైడిలక్ష్మి.

“నువ్వేటి చేస్తావు. నిన్న ఒకడు పారాదీప్‌లో తన బావమరిది ఉన్నాడన్నాడు. ఫోన్ చేసి కనుక్కుంతాడట” అని, చెంగుతో మొహం తుడుచుకుని లేచింది.

అక్కడితో ఆగితే బాగుండేది. కానీ ఫ్లెక్సీలో పడటం ఊళ్ళో ఒక హోదా అయిపోయింది. దాచుకోవడానికి ఏమీ లేనివాళ్ళు మరీ చిన్నబోయారు. రిటైరైన డ్రిల్లు మాస్టారొకాయన తొమ్మిదో పేజీకి పదహారు అదనపు పత్రాలు జతచేశాడు. అందులో ముప్పావు వంతు ఆయన పక్కింటివాళ్ళ రహస్యాలు. రెండో ఫ్లెక్సీ లేచింది, మూడోదీ లేచింది. ‘ఆదర్శ గోప్య కుటుంబం’ అనే బహుమతి ప్రకటించారు. దానికోసం పోటీపడిన కుటుంబాలు తమ తమ గోప్యత గురించి వేదిక మీద ఐదేసి నిమిషాలు మాట్లాడాయి. సిబ్బందికి మూడురోజుల శిక్షణ కూడా పెట్టారు. ఏ సంగతులు బయటపెట్టకూడదో వాళ్ళకి తెలియాలి గనక, అన్నిటినీ ఒకసారి చదివి వినిపించి, చివర చిన్న పరీక్ష పెట్టారు. అందరూ పాసయ్యారు.

పైడిలక్ష్మి మాత్రం రోజూ జనరేటరు గదికి వెళ్ళివస్తూనే ఉంది. దరఖాస్తు వెనక్కి తీసుకుంటానంది. వెనక్కి తీసుకొనుటకు గల కారణములను వివరముగా తెలుపు ఫారం వేరుగా ఉందన్నారు. దానికి పద్నాలుగు పేజీలు.

అప్పుడు వచ్చింది విచారణ నోటీసు. ఇతరుల తరఫున రాసిన అర్జీలు నిజంగా వ్యక్తిగతమైనవో కావో తేల్చడానికి సోమవారం కలెక్టరేటు ఆవరణలో బహిరంగ విచారణ. ఒక్కొక్కరూ తమ అర్జీని మైకులో స్వయంగా చదివి, ఇది నాదేననీ, ఇది ఎవరికీ తెలియకూడదనీ ధ్రువీకరించాలి. చదవడం రానివారికి డ్రిల్లు మాస్టారు చదివిపెడతారు. ఆయన గొంతు మైకు అక్కర్లేనంత పెద్దది. మొదటి పేరు నూకాలమ్మది, ఎందుకంటే ఆమె గేటు దగ్గరే ఉంటుంది.

విచారణకి అర్జీలు కావాలి. పైడిలక్ష్మి అక్షరాన్ని గుర్తుపట్టగలిగేది పైడిలక్ష్మే కాబట్టి, ఆమెనీ జుబేదానీ రికార్డు గదికి పంపారు. నాలుగు రోజులు ఇద్దరూ దుమ్ములో కూర్చుని ఏరారు. పైడిలక్ష్మి కాగితం పేరు కనపడకుండా మడిచి, సంవత్సరం, విషయం మాత్రం చెబితే జుబేదా టైపు చేసేది. జుబేదా మంచి పిల్ల. రెండోరోజున, మా అమ్మది కూడా ఇందులో ఉంటుందా అక్కా అని మెల్లిగా అడిగింది. ఉంటే ఉంటాదిలే, నువ్వు తలెత్తకుండా టైపు చేసుకో అంది పైడిలక్ష్మి. ఆ తర్వాత జుబేదా తలెత్తలేదు.

నాలుగో రోజు మధ్యాహ్నం ఒక అర్జీ విప్పి, పైడిలక్ష్మి కాసేపు అలాగే ఉండిపోయింది. పదమూడేళ్ళ నాటిది. ఒక జూనియర్ అసిస్టెంటు కొండ మీది ఆఫీసుకి బదిలీ ఆపమని పెట్టుకున్నది. అప్పట్లో అతనికి తలనిండా జుట్టుండేది, మీసం లేదు. ఏ నడుంనొప్పో రాద్దామని ఆమె చెప్పింది. అతను ఒప్పుకోలేదు. అబద్ధం రాయకండి, అమ్మ పోయిన దగ్గర్నుంచి ఇంట్లో ఒక్కణ్ణీ పడుకోలేను, తలుపు చప్పుడైతే లేచి కూర్చుంటాను, అక్కడ క్వార్టర్సులో నేనొక్కణ్ణే ఉండాలి, అదే రాయండి అన్నాడు. చెబుతూ చెబుతూ ఆ స్టూలు మీదే ఏడ్చాడు. ఆమె మంచినీళ్ళిచ్చి అదే రాసింది. కింద సంతకం: వి. పరాంకుశం.

“ఏటక్కా, ఆగిపోయావు?” అంది జుబేదా తల దించుకునే.

“ఉద్యోగి. బదిలీ నిలుపుదల. కారణం వ్యక్తిగతం” అని చెప్పి, పైడిలక్ష్మి ఆ కాగితాన్ని మడిచి కట్ట మధ్యలో పెట్టింది.

సోమవారం పొద్దున్నే ఆవరణలో షామియానా వేశారు, కుర్చీలు వేశారు. మైకువాడు హలో హలో అంటున్నాడు. డ్రిల్లు మాస్టారు గొంతు సవరించుకుంటున్నారు. నూకాలమ్మ బండి తియ్యలేదు. ఇస్త్రీ చీర కట్టుకుని మొదటి వరసలో కూర్చుంది. కాళ్ళు మాత్రం నేలకి ఆనకుండా ఆడుతున్నాయి.

జనరేటరు గదిలో పరాంకుశం గారు జాబితా మీద సంతకాలు పెట్టుకుంటూ వస్తున్నాడు. పదిహేడో పేజీలో పెన్ను ఆగింది. ఒకసారి ముందు పేజీకి వెళ్ళి, మళ్ళీ వచ్చాడు. జుబేదాని టీ తెమ్మని పంపి, పైడిలక్ష్మిని లోపలికి పిలిచాడు. తలుపు దగ్గరగా వేశాడు.

పదమూడేళ్ళ క్రితం రాసిన అర్జీలు ఎవరెవరివో సదరు లేఖకురాలికి స్మరణలో ఉండు అవకాశము కలదా అని అడిగాడు.

“వారం తిరిగేలోగా మర్చిపోతానండి. లేకపోతే ఈ పని చెయ్యలేం” అంది ఆమె.

ఆయన జాబితా వైపు చూశాడు, ఆమె వైపు చూశాడు. ఆమె కిటికీ వైపు చూస్తోంది. ఈసారి ఆయన మాటల్లోంచి ఆఫీసు జారిపోయింది.

“అది కాదమ్మా. ఎవరైనా ఒక ఉద్యోగి... తనది మైకులో చదవకుండా ఉండాలంటే ఏం చెయ్యాలి?”

“ఫారం నింపాలి కదండీ” అని, పైడిలక్ష్మి బల్ల మీదున్న ఫారం ఒకటి ఆయన ముందుకి జరిపింది.

ఆ ఫారం తయారుచేసింది ఆయనే అయినా, నింపే వైపు నుంచి చూడటం ఆయనకి అదే మొదటిసారి. మొదటి పేజీ చకచకా నింపాడు. ‘వెనకాల పిలిచే పేరు’ దగ్గర కాసేపు ఆలోచించాడు. తనకి అలాంటిదొకటి ఉండి ఉంటుందని అప్పుడే తట్టినట్టుంది. తొమ్మిదో పేజీకి వచ్చాడు. మీరు గోప్యముగా ఉంచదలచిన విషయములు ఏవి. పెన్ను కాగితానికి ఆనించి, తీసి, మళ్ళీ ఆనించాడు. చెవులు ఎర్రబడ్డాయి. బయట మైకులో డ్రిల్లు మాస్టారు సభికులను నిశ్శబ్దంగా ఉండమని కోరుతున్నారు.

ఆయన అడిగితే ఆమె ఆ ఒక్క కాగితం తీసి చేతిలో పెట్టేసేది. అందుకు సిద్ధపడే వచ్చింది కూడా. కానీ ఆయన అది అడగలేదు. కిటికీలోంచి మొదటి వరసలో కూర్చున్న నూకాలమ్మని చాలాసేపు చూశాడు.

“ఆమెది కూడా ఇలాంటిదేనా?” అన్నాడు.

“ఎవరిదేటో నాకు గుర్తుండదు బాబూ.”

ఆయన ఫారం చింపి చెత్తబుట్టలో వేశాడు. అప్పుడు అడిగాడు, ఇది మొత్తంగా ఆగాలంటే ఎలా రాయాలని. ఆపితే పైవాళ్ళు ఒప్పుకోరు, ఇంత షామియానా వేశాక అసలు ఒప్పుకోరు. ఆగినట్టు ఉండకూడదు, ఆగాలి. ఇరవై మూడేళ్ళుగా పైడిలక్ష్మి ఆఫీసుకి రాసింది గానీ ఆఫీసు తరఫున ఎప్పుడూ రాయలేదు. కుర్చీ లాక్కుని కూర్చుని, తెల్లకాగితం తీసుకుని, పది నిమిషాల్లో రాసేసింది.

పరాంకుశం గారు దాన్ని మైకులో తానే చదివాడు. “గోప్య సమాచారమును పరిశీలించుట కూడా ఒక విధమైన వినియోగమే అయినందున, మరియు వినియోగించరాదని దరఖాస్తుదారులు కోరియున్నందున, సదరు అర్జీలను పరిశీలించు అధికారము ఏ అధికారికీ లేదని ఇందుమూలముగా తెలియజేయడమైనది. ఏ అర్జీ ఎవరిదో పరిశీలించక తేల్చుట అసాధ్యము గనుక రికార్డు గదిలోని అర్జీలన్నియు, తుది నిర్ణయము వెలువడు వరకు, పెండింగులో ఉంచడమైనది. తుది నిర్ణయము పరిశీలన అనంతరము వెలువడును.”

అందరూ చప్పట్లు కొట్టారు. డ్రిల్లు మాస్టారు మాత్రం చాలా నిరాశపడ్డారు. సమోసాలు పంచాక షామియానా విప్పేశారు.

అర్జీల కట్టలు, నింపిన ఫారాలు, రికార్డు చేసిన గొంతులు అన్నీ కలిపి సీలువేసి రికార్డు గదికి తాళం వేశారు. ఆ ఆదేశం ఒక బల్ల మీద నుంచి ఇంకొక బల్ల మీదకి వెళ్తూ రాజధాని దాకా వెళ్ళింది. ప్రతి అధికారీ దాన్ని మూడుసార్లు చదివాడు. ఎక్కడా తప్పు పట్టలేకపోయాడు. సీలు విప్పితే వినియోగించినట్టు అవుతుంది, విప్పకపోతే నిర్ణయించలేరు. ప్రభుత్వ చరిత్రలో అంత భద్రమైన పెండింగు ఇంకొకటి లేదని అనుభవజ్ఞులు మెచ్చుకున్నారు. ఫ్లెక్సీలు మర్నాడే దింపించాడు పరాంకుశం గారు, గోప్యముగా ఉంచబడిన వారి పేర్లు కూడా గోప్యమేనని ఒక మెమో రాసి. ఆ మెమో ఆయనే సొంతంగా రాశాడు.

అర్జీమిత్ర ఆగలేదు. దాని ప్రారంభోత్సవానికి తేదీ ఎప్పుడో ఖరారైంది. చదివించడానికి అర్జీలు లేవు గనక, ఆఫీసులో మిగిలినవే చదివించారు. సర్క్యులర్లు, మెమోలు, సమీక్షా సమావేశాల నివేదికలు, అధికారుల ప్రసంగాలు. ప్రారంభోత్సవం రోజున ఒక రైతు దాని ముందు నిలబడి, కాలవ పూడిపోయి మూడేళ్ళయిందని చెప్పాడు. యంత్రం అర క్షణం ఆలోచించి, తమరి విన్నపము సానుభూతితో పరిశీలించబడుచున్నదనీ, సంబంధిత విభాగమునకు తగు చర్య నిమిత్తము పంపబడినదనీ, తమరు మరల సంప్రదించవలసిన అవసరము లేదనీ చెప్పింది. ముఖ్య అతిథి నిర్ఘాంతపోయారు. అచ్చం మనవాళ్ళు మాట్లాడినట్టే ఉందని, సాంకేతికత ఇంత ఎదిగిందని తాను అనుకోలేదని అన్నారు. జిల్లాకి ఒక అవార్డు కూడా వచ్చింది. ఇప్పుడు గెడ్డపాలేనికి కూడా చెప్పుకోవడానికి ఒకటుంది.

నూకాలమ్మ బండి మళ్ళీ మొదలుపెట్టింది. బావమరిది ఉన్నవాడు ఫోన్ చేశాడో లేదో తెలియదు. అతను మాత్రం మర్నాడు ఎప్పటిలాగే వచ్చి, నాలుగు ఇడ్లీలు తిని, పారాదీప్ ఊసెత్తకుండా వెళ్ళిపోయాడు. పరాంకుశం గారికి పదోన్నతి మీద బదిలీ అయింది. ఎక్కడికో, ఆయన దానికి ఏమైనా అర్జీ పెట్టుకున్నాడో లేదో పైడిలక్ష్మికి గుర్తులేదు.

ఆ తర్వాతి సోమవారం ఒక నర్సు వచ్చింది. యూనిఫాం మీదే ఉంది. డ్యూటీ దిగి నేరుగా వచ్చినట్టుంది. స్టూలు అంచున కూర్చుని, లోపల యంత్రం దగ్గర గంటసేపు నిలబడ్డానని, అది చాలా మర్యాదగా మాట్లాడిందని, కానీ తాను చెప్పాల్సింది దానికి చెప్పలేకపోయానని అంది. అటూ ఇటూ చూసి గొంతు తగ్గించింది.

“ఇది ఎవరికైనా తెలుస్తుందా అండీ?”

పైడిలక్ష్మి అప్పటికే తేదీ వేసి, ‘గౌరవనీయులైన’ దాకా రాసింది. అక్కడ ఆగి, పెన్నుకి మూతపెట్టి, కాగితం తిరగేసి పక్కన పెట్టింది.

“ముందు రాయక్కర్లేనిది చెప్పమ్మా” అంది. “అదంతా అయ్యాక, రాయాల్సింది మూడు ముక్కలే ఉంటాది.”

నర్సు చెప్పడం మొదలుపెట్టింది. పైడిలక్ష్మి రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని వింది.